మాదాపూర్‌లో ఆఫీసు సీటు – మూడో పాఠం: చూసి రావడం, లెక్క వేయడం

కోవర్కింగ్‌లో, అంటే చాలా కంపెనీలు పంచుకునే రెడీమేడ్ ఆఫీసులో, సీట్లు అద్దెకి తీసుకోవడం గురించిన పాఠాలివి. మొదటి పాఠంలో ఎంతమందికి, ఎన్నాళ్లకి అన్నది తేల్చుకున్నాం. రెండో పాఠంలో హాట్ డెస్క్ (ఏ రోజు ఏ సీటు ఖాళీగా ఉంటే అది), డెడికేటెడ్ డెస్క్ (రోజూ మీకే ఉండే సీటు), క్యాబిన్ (తలుపున్న గది), మేనేజ్డ్ ఆఫీస్ (మీ ఒక్కరి కోసం సిద్ధం చేసి నడిపిపెట్టే ఆఫీసు) – వీటిలో ఏది ఎవరికి సరిపోతుందో చూశాం. అప్పుడు ఇచ్చిన పని చేసి ఉంటే ఈపాటికి మీ దగ్గర నాలుగైదు పేర్ల లిస్టు ఉండాలి. లేకపోతే ముందు అది పూర్తి చేసుకుని రండి, ఎందుకంటే ఈ పాఠం ఇంట్లో కూర్చుని చదివితే వచ్చేది కాదు, కాళ్లకి పని చెప్పాల్సిందే. ఉదాహరణ పాతదే: నలుగురున్న చిన్న కంపెనీ, మాదాపూర్ చుట్టుపక్కల ఒక క్యాబిన్, ఏడాదిలోపు మాట.

ముందు ఏరియా. బ్రోకర్ ఫోన్‌లో "మాదాపూర్ సార్, మెట్రో పక్కనే" అంటాడు. ఏ స్టేషన్ అని అడగండి. పెద్దమ్మ గుడి, మాదాపూర్, దుర్గం చెరువు, హైటెక్ సిటీ, రాయదుర్గం – వరసగా ఐదు స్టేషన్లున్నాయి, ఐదింటినీ ఈ ఒక్క పేరుతో అమ్మేస్తారు. 2019లో ముందు హైటెక్ సిటీ దాకా, తర్వాత రాయదుర్గం దాకా మెట్రో వచ్చాక ఉప్పల్, తార్నాక, సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లకి బండి మారే పని లేకుండా పోయింది. కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ వాళ్లు మాత్రం అమీర్‌పేటలో దిగి మారాలి. కొండాపూర్, గచ్చిబౌలిలో సీటు కాస్త చవగ్గా దొరికితే దొరకొచ్చు గానీ అక్కడికి మెట్రో ఇంకా రాలేదు, మీ నలుగురిలో ఇద్దరు రోజూ ఆటోకో క్యాబ్‌కో పెట్టే డబ్బు కూడా అద్దెలో భాగమే అనుకుని లెక్కేయండి. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36 అడ్రస్ విజిటింగ్ కార్డు మీద బాగుంటుంది, నేనూ ఒప్పుకుంటాను. కానీ మిమ్మల్ని కలవడానికి వచ్చేవాళ్లు కారు ఎక్కడ పెడతారు?

అయ్యప్ప సొసైటీ గురించి ప్రత్యేకంగా ఒక మాట. అక్కడ చాలా బిల్డింగులకి అనుమతుల గొడవ ఎప్పటినుంచో ఉంది, 2025 జనవరిలో ప్రభుత్వ సంస్థ హైడ్రా ఒక బహుళ అంతస్తుల భవనాన్ని కూల్చేసింది కూడా. ఆ వైపు రేటు తక్కువగా ఉందని మురిసిపోయే ముందు బిల్డింగ్‌కి ఓసీ (కట్టడం పూర్తయింది, వాడుకోవచ్చు అని ఇచ్చే పత్రం) ఉందా, ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే, అభ్యంతరం లేదన్న పత్రం) ఉందా అని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు, ఉన్నవాళ్లు వెంటనే చూపిస్తారు, లేనివాళ్లు "అదంతా ఓనర్ చూసుకుంటారండి" అంటారు.

ఇక టూర్. వాళ్లు శనివారం రమ్మంటారు. వద్దు. శనివారం ఏ ఆఫీసైనా లైబ్రరీలా ఉంటుంది. మంగళ, బుధ, గురువారాల్లో పొద్దున 11 గంటలకి వెళ్లండి, హైబ్రిడ్ పద్ధతిలో (కొన్ని రోజులు ఇంటి నుంచి, కొన్ని రోజులు ఆఫీసు నుంచి) పనిచేసే కంపెనీలు ఎక్కువగా జనాన్ని ఆఫీసుకి పిలిచే రోజులవే, కిక్కిరిసినప్పుడు ఆ చోటు ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది. వీలైతే లంచ్ దాకా ఉండండి. మైక్రోవేవ్ దగ్గర ఎంతమంది నిలబడ్డారు, ప్యాంట్రీ వాసన మీ క్యాబిన్ దాకా వస్తోందా, వాష్‌రూమ్ ఎలా ఉంది (మీ టీమ్‌లో అమ్మాయిలుంటే వాళ్లనే వెళ్లి చూడమనండి, మీరు విని తెలుసుకునేది కాదు అది). వర్షాకాలమైతే వాన పడ్డ సాయంత్రం ఆరింటికి ఒకసారి ఐకియా జంక్షన్ మీదుగా వెళ్లి చూడండి, ఇంతకంటే నేను చెప్పక్కర్లేదు.

రిసెప్షన్‌కి వెళ్లే ముందు కింద వాచ్‌మన్ దగ్గర రెండు నిమిషాలు ఆగండి. పైన కమ్యూనిటీ మేనేజర్ చెప్పనివి ఇక్కడ తెలుస్తాయి.

"అన్నా, కరెంటు పోతే లిఫ్ట్ నడుస్తదా?"

"నడుస్తది సార్. ఒక్కటే. రెండోది బంద్."

"పొద్దున పదింటికి?"

"లైన్ ఉంటది. ఆరో ఫ్లోర్ కంపెనీకి పెద్ద బ్యాచ్ వస్తది గదా."

అంతే. మీ కుర్రాళ్లు రోజూ లిఫ్ట్ కోసం ఎంతసేపు నిలబడాలో బ్రోషర్‌లో ఉండదు, ఈయన దగ్గర ఉంటుంది. బైకులు సెల్లార్‌లో పెట్టనిస్తారా, రోడ్డు మీదే పెట్టాలా అన్నది కూడా ఈయన్నే అడగండి.

పైకి వెళ్లాక సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు, తాగండి, కానీ మీకు ఇవ్వబోయే క్యాబిన్‌లోకి వెళ్లి తలుపేసుకుని పది నిమిషాలు కూర్చోండి. శాంపిల్ క్యాబిన్ కాదు, మీదే. పక్క క్యాబిన్‌లో మాట్లాడేది వినపడుతోందా? గ్లాస్ గోడ పై స్లాబ్ దాకా ఉందా, ఫాల్స్ సీలింగ్ దగ్గర ఆగిపోయిందా? ఆగిపోతే మీ జీతాల మాటలు పక్కవాళ్లకి ఉచితం. లాప్‌టాప్ తెరిచి వైఫైలో స్పీడ్ టెస్ట్ పెట్టండి, డౌన్‌లోడ్ అంకె ఒక్కటే చూసి తృప్తి పడకండి, వీడియో కాల్‌లో మీ మొహం, గొంతు అవతలికి వెళ్లేది అప్‌లోడ్ మీదే. ఇంటర్నెట్ ఒకే కంపెనీ లైనా, రెండోది బ్యాకప్‌గా ఉందా? ఏసీ గాలి నేరుగా ఎవరి నెత్తి మీద పడుతోంది? అక్కడ కూర్చునేవాళ్లు నెల తిరిగేలోపు జలుబుతో సెలవు పెడతారు.

ఏసీ మాట వచ్చింది కాబట్టి, "24 గంటలూ యాక్సెస్" అన్న మాటని జాగ్రత్తగా వినండి. తలుపు 24 గంటలూ తెరుచుకుంటుంది, సెంట్రల్ ఏసీ మాత్రం చాలాచోట్ల సాయంత్రం ఏడుకో ఎనిమిదికో ఆగిపోతుంది. అమెరికా క్లయింట్లున్న వాళ్లకి పని మొదలయ్యేదే అప్పుడు. ఆ తర్వాత గంటకి ఇంత అని వేరే ఛార్జి.

ఇప్పుడు లెక్క. అంకెలు ఉదాహరణకి నేను వేసుకున్నవి, మీకు వచ్చిన కొటేషన్ పక్కన పెట్టుకుని మీవి రాసుకోండి. సీటు 9,000 అన్నారనుకుందాం, నాలుగు సీట్లకి 36,000. ఒక కారు, రెండు బైకుల పార్కింగ్ 3,500. మీటింగ్ రూమ్‌కి ఫ్రీగా ఇచ్చిన గంటలు (క్రెడిట్లు అంటారు) అయిపోయాక ఆరు గంటలు, గంటకి 400 చొప్పున 2,400. రాత్రి ఏసీ పది గంటలు, గంటకి 300 చొప్పున 3,000. మొత్తం 44,900. దీని మీద 18 శాతం జీఎస్టీ 8,082. నెలకి మీ ఖాతాలోంచి వెళ్లేది 52,982, అంటే 9,000 అని విన్న సీటు 13,245 రూపాయల పైచిలుకు పడింది. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోగలిగితే ఆ 8,082 సర్దుబాటు అవుతుంది, అప్పుడు సీటు 11,225. రిజిస్ట్రేషన్ లేని ఫ్రీలాన్సర్‌కి పూర్తి దెబ్బే. ఇంకో సంగతి: 2025 ఏప్రిల్ నుంచి అద్దె నెలకి 50,000 దాటితే అద్దె కట్టే కంపెనీ టీడీఎస్ (అద్దెలోంచి ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) పట్టాలి. మనం 44,900 దగ్గర ఉన్నాం, ఒక్క సీటు పెంచితే గీత దాటేస్తాం, కాబట్టి సీఏ చెవిన ముందే వేయండి.

నా మటుకు ఈ నెలవారీ అంకె కంటే బయటపడే ఖర్చే ముఖ్యం. ఫ్లెక్సిబుల్ అని బోర్డు పెట్టినవాళ్లు కూడా ఆరు నెలల లాక్-ఇన్ (అన్నాళ్లూ అద్దె కట్టి తీరాలన్న షరతు) రాస్తారు. నాలుగో నెల చివర ఒక క్లయింట్ పోయి ఖాళీ చేయాల్సి వస్తే మిగిలిన రెండు నెలల అద్దె 72,000 కట్టాలి, మీరిచ్చిన రెండు నెలల డిపాజిట్ కూడా సరిగ్గా అంతే, ఇక ఎవరు ఎవరిని తిరిగి అడుగుతారు! అందుకే సీటు రేటు ఐదొందలు తగ్గించమని బేరమాడే బదులు లాక్-ఇన్ మూడు నెలలకి తగ్గించమని అడగండి. ఖాళీ సీట్లు ఎక్కువున్న చోట ఒప్పుకుంటారు, ఖాళీలెన్నో మీరు బుధవారం 11 గంటలకి కళ్లారా చూసే ఉంటారు.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది: మీకు సీటిచ్చే ఆపరేటర్ కూడా చాలాసార్లు అద్దెకున్నవాడే. బిల్డింగ్ ఓనర్‌తో అతని లీజు ఎన్నేళ్లు మిగిలి ఉందో అడగండి. పెద్ద పేరు కాబట్టి ఫర్వాలేదనుకోకండి, అమెరికాలో ఇదే వ్యాపారం చేసే పెద్ద కంపెనీ వీవర్క్ 2023 నవంబర్‌లో దివాలా పిటిషన్ వేసింది. ఇక్కడి వీవర్క్ ఇండియా వేరే చేతుల్లో ఉండి నడుస్తూనే ఉంది, 2025 అక్టోబర్‌లో షేర్ మార్కెట్‌కి కూడా వచ్చింది. అంతకు కొన్ని నెలల ముందే ఇలాంటి ఆఫీసులే నడిపే స్మార్ట్‌వర్క్స్, ఇండిక్యూబ్ వచ్చాయి. లిస్టైన కంపెనీల లెక్కలు బయట దొరుకుతాయి, చదవొచ్చు. ఒకే ఫ్లోర్ మీద నడిచే చిన్న ఆపరేటర్ దగ్గర ఆ వీలుండదు కాబట్టి ఓనర్‌తో లీజు కాగితం అడగడమే దారి, అందులో సబ్‌లీజుకి (తను అద్దెకి తీసుకున్నది ఇంకొకరికి ఇవ్వడానికి) అనుమతి ఉందో లేదో కూడా చూసుకోండి.

ఇంకొన్ని కాగితాలు కూడా ఎలాగూ మీకు కావాలి. ఈ అడ్రస్ మీద జీఎస్టీ తీసుకోవాలంటే ఆపరేటర్ ఇచ్చే ఎన్‌ఓసీ, మీ అగ్రిమెంట్, కరెంటు బిల్లు అడుగుతారు, ఒక్కోసారి అధికారి వచ్చి చూసి వెళ్తారు కూడా. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుగా పెట్టుకుంటే కరెంటు బిల్లు లాంటిది రెండు నెలల లోపుదై ఉండాలి, బయట కంపెనీ పేరు బోర్డు ఉండాలి. బోర్డు ఎక్కడ పెట్టనిస్తారో టూర్‌లోనే చూపించమనండి. కొందరు లిఫ్ట్ పక్కన బోర్డు మీద ఒక గీత చోటిస్తారు, కొందరు దానికీ నెలనెలా వసూలు చేస్తారు.

ఈ వారం పని: లిస్టులోంచి రెండు చోట్లకి వెళ్లండి, ఒకటి మెట్రోకి నడిచే దూరంలో, ఒకటి కాస్త లోపలికి. రెండింటికీ పైన చెప్పినట్టు నెల ఖర్చు, నాలుగో నెలలో బయటపడే ఖర్చు రాసుకోండి. నోటితో ఏది ఒప్పుకున్నా, ఏసీ వేళలు, క్రెడిట్లు, పార్కింగ్, లాక్-ఇన్, అన్నీ ఈమెయిల్‌లో రాసిమ్మనండి. "అగ్రిమెంట్‌లో ఉంటుంది లెండి" అంటే డ్రాఫ్ట్ అగ్రిమెంటే పంపమనండి, డబ్బులు కట్టాక కాదు, ముందే. నాలుగో పాఠంలో ఆ డ్రాఫ్ట్ తెరిచి లైను లైను చదువుదాం.