జనరేటర్ మాటిమాటికీ ట్రిప్ అవుతోందా? ముందు ఎంసీబీ జోలికి పోకండి

పెళ్లిళ్ల సీజన్‌లో హన్మకొండ ఫంక్షన్ హాళ్లలో రోజూ చూసేదే. కరెంటు పోతుంది, జనరేటర్ వేస్తారు, పది నిమిషాలకు ట్రిప్. ఎవరో ఒకాయన వచ్చి 20 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు మించితే తనంతట తానే పడిపోయే స్విచ్) పీకి 32ది బిగిస్తాడు. అది రిపేరు కాదు, వైండింగ్ (జనరేటర్ లోపలి తీగ చుట్టలు) కాల్చే పని.

మల్టీమీటర్, క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది), స్క్రూడ్రైవర్ చాలు. టెస్టర్ జేబులోనే ఉంచండి, దాన్ని నమ్మొద్దు.

కాసేపు నడిచి పడిపోతే ఓవర్‌లోడ్, వేయగానే టప్పున పడితే షార్ట్. మోటార్ స్టార్ట్ అయ్యేటప్పుడు పడితే మాత్రం షార్ట్ అనుకోకండి, స్టార్టింగ్‌లో అది ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది.

ఓవర్‌లోడ్ సులువే. 5 కేవీఏ (సెట్టు మీద రాసే కెపాసిటీ) సెట్టంటే 0.8 పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో వాట్లుగా వచ్చే వంతు) లెక్కన 4 కిలోవాట్లే, 230 వోల్టుల సింగిల్ ఫేజులో 21 ఆంప్స్ పైచిలుకు. అన్నీ ఆపేసి ముందు మోటార్, తర్వాత కూలర్లు, చివరికి లైట్లు వేస్తూ క్లాంప్ మీటర్ చూడండి. క్లాంప్‌లో ఫేజు వైరు ఒక్కటే ఉండాలి, న్యూట్రల్ కూడా దూరిస్తే సున్నా చూపిస్తుంది.

షార్ట్ దగ్గరే పని చెడగొడతారు. ఇంజన్ ఆపి, సెల్ఫ్ స్టార్ట్ ఉంటే బ్యాటరీ నెగెటివ్ తీసి, చేంజోవర్ (లైన్ కరెంటు నుంచి జనరేటర్‌కు మార్చే స్విచ్) ఆఫ్‌లో పెట్టి, ఎక్కడా వోల్టేజీ లేదని మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. ప్లగ్గులు పీకాలి, బల్బులు విప్పాలి. స్విచ్ ఆపితే ఫేజే తెగుతుంది, న్యూట్రల్ అలాగే ఉంటుంది. ఇప్పుడు లోడ్‌కు వెళ్లే ఫేజు, న్యూట్రల్ రెండూ జనరేటర్ దగ్గర విప్పి, ఆ విప్పిన వైర్ల మధ్య ఓమ్స్ చూడండి. సున్నా దగ్గరుంటే తప్పు వైరింగ్‌ది. టెంటు ఇనుప పోల్ కింద నలిగిన వైరు ఒకసారి చూడండి, పైన తొడుగు చదునై, లోపల రాగి నల్లబడి ఉంటుంది.

వైర్లు విప్పకుండానే మీటర్‌ను కంటిన్యుటీలో (దారి తెగకుండా ఉంటే బీప్ అనే సెట్టింగు) పెట్టి, బీప్ రాగానే "వైండింగ్ పోయిందన్నా, రీవైండింగే" అనేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. బాగున్న వైండింగ్ కూడా బీప్ అంటుంది, దాని రెసిస్టెన్సే అంత తక్కువ. చూడాల్సింది వైండింగ్‌కూ బాడీకీ మధ్య, అదీ న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపే లింకు ఉంటే తీసేశాక. ఇక్కడ 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) వాడాలి, కానీ ఏవీఆర్ (వోల్టేజీని నిలకడగా ఉంచే కార్డు) వైర్లన్నీ పీకకుండా మెగ్గర్ తిప్పారో, ఆ కార్డు అక్కడికక్కడే పోతుంది. ఒక మెగాఓమ్ కన్నా తక్కువ వస్తే ముందు తడేమో చూడండి. వానలో తడిసిన సెట్టును బాగా ఆరబెట్టి మళ్లీ కొలవండి, అప్పటికీ పెరగకపోతేనే రీవైండింగ్ మాట.

నలిగిన వైరుకు టేపు చుట్టొద్దు, ఆ ముక్క మొత్తం మార్చండి. తర్వాత లోడ్ లేకుండా నడిపి, 230 దగ్గర నిలకడగా ఉంటేనే ఎంసీబీ ఎత్తండి.