చలికాలం కొనుగోళ్ళు: బేస్‌బాల్ జట్టుకి నొప్పి ఎక్కడ, మందు ఎక్కడ

అమెరికా బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ ముగిసిన మర్నాటి నుంచి, డల్లాస్ దగ్గరున్న మా ఫ్రిస్కోలో ఇంకో సీజన్ మొదలవుతుంది. ఆటలుండవు, కబుర్లే. మా జట్టు టెక్సస్ రేంజర్స్ ఎవరిని తీసుకోవాలి, ఎవరిని వదిలించుకోవాలి అని వీకెండ్ పార్టీల్లో బిర్యానీ చల్లారిపోయేదాకా వాదించుకుంటాం. ఐపీఎల్ వేలం చూసి పెరిగిన మనవాళ్ళకి మొదట మింగుడుపడనిది ఏమిటంటే, ఇక్కడ వేలం లేదు. ఆరేళ్ళ సర్వీసు నిండి కాంట్రాక్ట్ అయిపోయిన ఆటగాడు ఫ్రీ ఏజెంట్ అవుతాడు. తనకి నచ్చిన జట్టుతో తానే బేరం కుదుర్చుకుంటాడు. పర్సు ఇంతే అని జట్లకి గట్టి హద్దు లేదు. బేరాలు రెండు రోజుల్లో తేలవు, ఫిబ్రవరి దాటి కూడా సాగుతాయి.

ఇన్ని చలికాలాల వాదనల్లో నాకు తేలింది ఒక్కటే. జబ్బు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట పూస్తారు. కింద చెప్పినవి చాలావరకు రేంజర్స్ కథలే. మీది వేరే జట్టైతే పేర్లు మార్చి చదువుకోండి.

సమస్య: హోమ్ రన్‌లు బోలెడు, జట్టు మాత్రం అట్టడుగున

2000 డిసెంబరులో రేంజర్స్ బ్యాటర్ అలెక్స్ రాడ్రిగెజ్‌కి పదేళ్ళకి 252 మిలియన్ డాలర్లు రాసిచ్చారు. అప్పటి యజమాని టామ్ హిక్స్ అంతకు రెండేళ్ళ ముందు జట్టు మొత్తాన్ని కొన్నదే 250 మిలియన్లకి. రాడ్రిగెజ్ ఏ లోటూ చేయలేదు. మూడు సీజన్లలో 52, 57, 47 హోమ్ రన్‌లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు, 2003లో ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) కూడా అయ్యాడు. రేంజర్స్ ఆ మూడేళ్ళూ తమ డివిజన్‌లో (లీగ్‌లోని జట్ల చిన్న గుంపులో) ఆఖరి స్థానమే. 2004 ఫిబ్రవరిలో అతన్ని న్యూయార్క్ యాంకీస్‌కి పంపించేశారు.

అసలు కారణం పిచింగ్, అంటే మన క్రికెట్ భాషలో బౌలింగ్. 2001లో మన పిచర్లు తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఐదున్నర పరుగులకి పైనే ఇచ్చారు. ఆ సగటునే ఈఆర్ఏ అంటారు. నాలుగు దాటితేనే అభిమానికి గుబులు మొదలవుతుంది. బేస్‌బాల్‌లో ఎంత గొప్ప బ్యాటరైనా తొమ్మిదిమందిలో ఒకడు, ఆటకి నాలుగైదుసార్లు బ్యాట్ పట్టుకుంటాడు, అంతే. మిగతా సమయమంతా మ్యాచ్ పిచర్ చేతిలో ఉంటుంది. 2024 ఐపీఎల్‌లో మన సన్‌రైజర్స్ 287 కొట్టి ఊరేగి, ఫైనల్లో 113కి ఆలౌటైన సంగతి ఎవరూ మర్చిపోలేదు కదా. ఒక్క బలాన్ని నమ్ముకుంటే ఏదో ఒక రోజు అది చేతులెత్తేస్తుంది.

చేయాల్సింది: స్టార్‌ని కొనే ముందు, ఓడిన మ్యాచ్‌ల జాబితా తీసి, మనం ఎన్ని పరుగులు చేసి ఓడామో చూడండి. ఐదు, ఆరు చేసి కూడా ఓడినవి ఎక్కువుంటే బ్యాటర్ మీద పెట్టే ప్రతి డాలరూ చిల్లు కుండలో నీళ్ళే.

సమస్య: అర బిలియన్ ఖర్చుపెట్టినా 94 ఓటములు

2021లో రేంజర్స్ 60 గెలిచి 102 ఓడారు. ఆ చలికాలం ఇద్దరు బ్యాటర్లకి, కోరీ సీగర్‌కి పదేళ్ళకి 325 మిలియన్లు, మార్కస్ సెమియన్‌కి ఏడేళ్ళకి 175 మిలియన్లు ఇచ్చారు. ఇద్దరికే 500. మరుసటి ఏడాది 68 గెలుపులు, 94 ఓటములు. మా ఫ్రెండ్స్ గ్రూపులో ఆ సెప్టెంబరంతా తిట్లే.

అందరూ గెలుపోటముల పట్టిక చూశారు, దాని పక్క లెక్క చూడలేదు. ఆ ఏడాది ఒక్క పరుగు తేడాతో తేలిన మ్యాచ్‌లలో రేంజర్స్ 15 గెలిచి 35 ఓడారు. చేసిన పరుగులకీ ఇచ్చిన పరుగులకీ మధ్య తేడా మరీ ఘోరంగా లేదు. అంటే బ్యాటింగ్ గోడ లేచింది, పిచింగ్ వైపు ఇంకా పునాదే పడలేదు. అలాంటప్పుడు సీగర్‌ని తిట్టడం, సగం కట్టిన ఇంట్లో వాన పడుతోందని తలుపు కొన్నవాణ్ణి తిట్టడం లాంటిది.

రెండో చలికాలం వాళ్ళు చేసింది నాకు ఇప్పటికీ నచ్చుతుంది. డబ్బంతా స్టార్టింగ్ పిచర్ల మీద, అంటే మ్యాచ్ మొదలుపెట్టి ఎక్కువ ఇన్నింగ్స్‌లు వేసేవాళ్ళ మీద, పెట్టారు. జేకబ్ డిగ్రామ్ ఐదేళ్ళకి 185 మిలియన్లు, నేథన్ ఎవాల్డీ రెండేళ్ళకి 34, ఆండ్రూ హీనీ రెండేళ్ళకి 25. మూడు వరల్డ్ సిరీస్‌లు గెలిచిన బ్రూస్ బోచీని మేనేజర్‌గా, అంటే జట్టుని నడిపే కోచ్‌గా, తెచ్చారు. 2023లో 90 గెలుపులు, ఆ తర్వాత ప్లేఆఫ్స్‌లో బయటి మైదానాల్లో 11కి 11 గెలిచి, క్లబ్ చరిత్రలో తొలి టైటిల్. సీగర్ వరల్డ్ సిరీస్ ఎంవీపీ. తిట్టినవాళ్ళు ఆ రోజు గ్రూపులో పెట్టిన ఎమోజీలు నా ఫోన్‌లో భద్రంగా ఉన్నాయి.

సమస్య: అందరికన్నా ఎక్కువ జీతం తీసుకునే పిచర్ ఆస్పత్రిలో

ఆ డిగ్రామే ఉదాహరణ. 2023లో ఆరంటే ఆరు మ్యాచ్‌లు మొదలుపెట్టాడు, ఆ ఆరూ జట్టు గెలిచింది. తర్వాత మోచేతికి టామీ జాన్ సర్జరీ (తెగిన లిగమెంటుని మార్చే ఆపరేషన్). వాషింగ్టన్ నేషనల్స్ కథ ఇంకా బాధాకరం. 2019 వరల్డ్ సిరీస్ ఎంవీపీ స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్‌కి ఆ డిసెంబరులో ఏడేళ్ళకి 245 మిలియన్లు ఇచ్చారు. ఆ కాంట్రాక్ట్ మీద అతను ఆడింది ఎనిమిది మ్యాచ్‌లు.

దురదృష్టం అని ఊరుకోలేం. గంటకి దాదాపు 160 కిలోమీటర్ల వేగంతో వేల బంతులు విసిరే మోచెయ్యి ఏదో ఒకనాడు తెగుతుంది. ఆరేళ్ళ సర్వీసు నిండేసరికి చాలామందికి 29, 30 ఏళ్ళు వస్తాయి. అంటే మార్కెట్‌లో మనకి దొరికేది ఇప్పటికే బాగా వాడిన చెయ్యి.

అలాగని డిగ్రామ్‌ని కొనకూడదని నేననను. అతని ఒక్కడి మీదే భారం వేయకూడదు. 2023లో అతను పోయినా రేంజర్స్ నిలబడ్డారంటే, పక్కనే ఎవాల్డీ ఉన్నాడు గనక. ఆ ప్లేఆఫ్స్‌లో ఎవాల్డీ 5 గెలుపులు, ఒక్క ఓటమీ లేదు. జూలై ఆఖర్లో సెయింట్ లూయిస్ నుంచి జోర్డన్ మాంట్‌గొమెరీని, న్యూయార్క్ మెట్స్ నుంచి మాక్స్ షెర్జర్‌ని కూడా తెచ్చుకున్నారు. ఐదుగురు స్టార్టర్లు కావాలంటే ఏడుగురిని పోగేయండి. ఇద్దరు పడిపోతారనే లెక్కతోనే చలికాలం బడ్జెట్ వేసుకోవాలి. ఓపిక పట్టినవాళ్ళకి ఒక తీపి కబురు: 2025లో డిగ్రామ్ 30 మ్యాచ్‌లు మొదలుపెట్టి 2.97 ఈఆర్ఏతో ముగించాడు.

సమస్య: ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా మనదే, తొమ్మిదిలో గోవిందా

ఇది నా రక్తపోటుకి సంబంధించిన విషయం, కాస్త ఎక్కువ రాస్తాను.

2023లో టైటిల్ గెలిచిన రేంజర్స్ బుల్‌పెన్, అంటే చివరి ఇన్నింగ్స్‌లు వేసే పిచర్ల బృందం, కాపాడాల్సిన ఆధిక్యాల్లో సగానికి పైగా చేజార్చింది. జూన్ వచ్చేసరికి తట్టుకోలేక, జూన్ 30న కాన్సస్ సిటీ రాయల్స్ నుంచి అరోల్డిస్ చాప్‌మన్‌ని తెచ్చారు. బదులుగా ఇచ్చింది కోల్ రేగన్స్ అనే ఎడమచేతి కుర్రాణ్ణి. అప్పటికే రెండుసార్లు మోచేతి సర్జరీ అయినవాడు, పెద్దగా ఎవరూ ఏడవలేదు. 2024లో అదే రేగన్స్ ఆల్‌స్టార్, అమెరికన్ లీగ్ ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఓటింగ్‌లో నాలుగోవాడు.

నన్ను కోసేది రేగన్స్ పోవడం కాదు. చాప్‌మన్ అంతకు కొన్ని నెలల ముందే, 2023 జనవరిలో, ఫ్రీ ఏజెంట్‌గా అందరికీ అందుబాటులో ఉన్నాడు. రాయల్స్ అతన్ని కొన్నది ఏడాదికి 3.75 మిలియన్లకి. డిగ్రామ్‌కి 185 ఇచ్చిన జట్టు ఆ నాలుగు మిలియన్ల దగ్గర చూపు తిప్పుకుంది. జనవరిలో చిల్లరకి దొరికే సరుకుని జూన్‌లో ఇల్లు తాకట్టు పెట్టి కొన్నట్టయింది. టైటిల్ వచ్చింది కదా అంటారు మా బావ. నిజమే, వాదించను. కానీ ఆ ట్రేడ్ అవసరం జనవరిలోనే తప్పించి ఉండాల్సింది.

మరి కారణం ఏమిటి, పిసినారితనమా? కాదు, బుల్‌పెన్ పిచర్లని అంచనా వేయడం నిజంగానే కష్టం. ఏడాదికి 60, 65 ఇన్నింగ్స్‌లు వేస్తారు. అంత చిన్న లెక్కలో అదృష్టం ఏది, నైపుణ్యం ఏది అని విడదీయలేం. కిర్బీ యేట్స్‌ని చూడండి. 2024లో రేంజర్స్ అతన్ని 4.5 మిలియన్లకి తీసుకున్నారు. 33 సేవ్‌లు (చివర్లో కాపాడిన ఆధిక్యాలు), 1.17 ఈఆర్ఏ. మరుసటి ఏడు లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 13 మిలియన్లు ఇచ్చారు, ఈఆర్ఏ ఐదు దాటింది. అదే చలికాలం డాడ్జర్స్ టానర్ స్కాట్‌కి నాలుగేళ్ళకి 72 మిలియన్లు రాసిచ్చారు. 2025లో స్కాట్ వరసగా ఆధిక్యాలు పోగొట్టాడు. చివరికి డాడ్జర్స్ ఆ ప్లేఆఫ్స్‌లో రోకి ససాకి అనే స్టార్టర్‌ని ఆఖరి ఇన్నింగ్స్‌లకి వాడి, వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌ని ఇంకో స్టార్టర్ యోషినోబు యమమోతోతో ముగించి గట్టెక్కారు. వాపు చూసి బలుపనుకోవడం అంటే ఏమిటో తెలియాలంటే రిలీవర్ల, అంటే ఈ బుల్‌పెన్ పిచర్ల, కాంట్రాక్టులు చదవాలి.

నా మందు ఇది. రిలీవర్‌కి రెండేళ్ళు మించి ఎప్పుడూ ఇవ్వొద్దు. ఒకడికి 18 మిలియన్లు ఇచ్చే బదులు, నాలుగైదు మిలియన్ల లోపు ఏడాది కాంట్రాక్టులు నలుగురికి రాయండి. సర్జరీ నుంచి తిరిగొస్తున్నవాళ్ళు, నిరుడు బాగా దెబ్బతిన్న పాత క్లోజర్లు (ఆఖరి ఇన్నింగ్స్ వేసేవాళ్ళు) అయినా సరే. నలుగురిలో ఇద్దరు పనికొస్తే చాలు. పనికిరానివాణ్ణి మేలో వదిలేసినా జేబుకి చిల్లు పడదు.

సమస్య: గెలిచిన జట్టే, అయినా ఓడుతోంది

2024లో 78 గెలుపులు, 2025లో సరిగ్గా 81-81. పేర్లు చూస్తే పెద్దగా మారలేదు, ఆ మారకపోవడమే జబ్బు. 2023లో మెరిసిన కుర్రాళ్ళు, రేంజర్స్‌కి కుర్రాళ్ళని తయారుచేసే మా ఊరి జట్టు ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ నుంచి వెళ్ళిన జోష్ యంగ్, ఎవాన్ కార్టర్, ఏడాదికో మెట్టు ఎక్కుతారని అందరం అనుకున్నాం. యంగ్ మణికట్టు 2024 సీజన్ మొదటి వారంలోనే విరిగింది, కార్టర్‌ని వెన్నునొప్పి పడుకోబెట్టింది. 2025లో పిచింగ్ బ్రహ్మాండం, లీగ్‌లో తక్కువ పరుగులిచ్చిన జట్లలో ముందు వరస. బ్యాటర్లే బేస్ మీదకి చేరలేదు. పవర్ కోసమని రెండేళ్ళకి 37 మిలియన్లిచ్చి తెచ్చిన జాక్ పీడర్సన్ ఆ ఏడాది .181 కొట్టాడు, అంటే వంద ప్రయత్నాల్లో 18 హిట్లే.

కాబట్టి 2025 నవంబరులో సెమియన్‌ని మెట్స్‌కి ఇచ్చి బ్రాండన్ నిమ్మోని తెచ్చినప్పుడు నేను చప్పట్లు కొట్టాను. నిమ్మో ఓపిగ్గా వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వదిలేస్తే ఉచితంగా దొరికే బేస్) తీసుకుని బేస్ మీదకి చేరే మనిషి. నొప్పి అక్కడే కదా. అతని కాంట్రాక్ట్ 2030 దాకా ఉంది, సెమియన్‌ది 2028తోనే అయిపోయేది. ఆ అదనపు రెండేళ్ళు నాకూ భయమే, చూద్దాం.

అదే నెలలో అడోలిస్ గార్సియాని వదిలేసినప్పుడు మాత్రం ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. 2019 డిసెంబరులో సెయింట్ లూయిస్ నుంచి కేవలం నగదుకి వచ్చినవాడు. 2021 ఫిబ్రవరిలో రోస్టర్ నుంచి తీసేసి అందరి ముందూ పెడితే ఒక్క జట్టూ ముట్టుకోలేదు. 2023లో 39 హోమ్ రన్‌లు, హ్యూస్టన్ మీద ఒకే సిరీస్‌లో 15 ఆర్బీఐలు (తన బ్యాట్‌తో జట్టుకి తెచ్చిన పరుగులు). కానీ 2025లో .227. వదలడం సరైనదే. సరైనదైనా బాధ బాధే.

సమస్య: "డాడ్జర్స్‌లా మనమెందుకు ఖర్చుపెట్టం?"

పిండి కొద్దీ రొట్టె. గట్టి హద్దు లేకపోయినా లగ్జరీ ట్యాక్స్ ఉంది. 2025లో జీతాల మొత్తం 241 మిలియన్లు దాటితే, దాటినదాని మీద మొదటిసారి 20 శాతం, వరసగా మూడో ఏడు 50 శాతం, మరీ పైకెళ్తే 110 దాకా కట్టాలి. షోహెయ్ ఒటానికి డాడ్జర్స్ ఒప్పుకున్న 700 మిలియన్లలో 680 మిలియన్లు 2034 నుంచి 2043 దాకా వాయిదాల్లో ఇస్తారు. అందుకే ట్యాక్స్ లెక్కలో ఏడాదికి 70 కాకుండా 46 మిలియన్ల దగ్గర పడుతుంది. తెలివే, కానీ ఒటాని లాంటివాడు ఒప్పుకుంటేనే. స్థానిక టీవీ ఆదాయం గందరగోళంలో పడ్డ జట్లకి ఈ మందు పనిచేయదు.

సమస్య: జనవరి వచ్చింది, ఇంకా ఎవరినీ తీసుకోలేదు, టెన్షన్

మన టెన్షన్ ఆటగాడి ఏజెంట్‌కి పెట్టుబడి. 2023 టైటిల్ తర్వాత మాంట్‌గొమెరీని ఎందుకు ఉంచుకోలేదని నేనూ గోల చేశాను. అతను మార్చి చివరిదాకా ఆగి అరిజోనాతో 25 మిలియన్లకి సంతకం చేశాడు, స్ప్రింగ్ ట్రెయినింగ్ (సీజన్ ముందు శిక్షణ) పోయింది, ఆ ఏడాది ఈఆర్ఏ ఆరు దాటింది. అప్పటినుంచి జనవరిలో ఫోన్ పక్కన పెట్టేస్తున్నాను. ఏప్రిల్‌లో రఫ్‌రైడర్స్ టికెట్లు కొంటాను. ఔట్‌ఫీల్డ్ వెనకాల లేజీ రివర్‌లో పిల్లలు తేలుతుంటారు, నేను మాత్రం తర్వాత రేంజర్స్ మైదానమున్న ఆర్లింగ్టన్ వెళ్ళే ఎడమచేతి పిచర్ ఎవరా అని చూస్తుంటాను. రేగన్స్ బాకీ ఇంకా తీరలేదు మరి.