ఉప్పునీటి అక్వేరియంకు సోలనాయిడ్ వాల్వ్ కొనే ముందు జాగ్రత్తలు

సోలనాయిడ్ వాల్వ్ అంటే కరెంటు పారినప్పుడు అయస్కాంతంగా మారే తీగచుట్ట (కాయిల్) సాయంతో నీటి దారిని తెరిచి మూసే వాల్వు. దానిని కొనేవారు సాధారణంగా పైకి కనిపించే బాడీని చూసి నిర్ణయించుకుంటారు. ఉప్పునీటికి అది చాలదు. లోపల కదిలే ప్లంజరు, దానిని వెనక్కి నెట్టే స్ప్రింగు, సీలు సహా నీరు తగిలే ప్రతి భాగమూ దేనితో చేసినదో విక్రేత నుంచి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. సమాధానం రాకపోతే ఆ వాల్వును పక్కన పెట్టడమే మేలు.

ఇత్తడి వాల్వును ఏ పరిస్థితిలోనూ ఉప్పునీటి లైనులో పెట్టకూడదు. ఉప్పునీరు ఇత్తడిలోని జింకును కరిగించి లోహాన్ని గుల్లబరుస్తుంది. అంతకంటే ముఖ్యంగా, నీటిలోకి దిగే రాగి పగడాలకు, రొయ్యలకు, నత్తలకు విషం. చేపలు తట్టుకోగల మోతాదు కూడా వీటిని చంపగలదు కనుకనే, చేపల పరాన్నజీవులకు రాగి మందు వాడవలసి వస్తే వేరే తొట్టిలో వాడతారు.

స్టెయిన్‌లెస్ స్టీలు అన్న మాటనూ పూర్తిగా నమ్మకూడదు. కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటే, వాటిలో సగానికి పైగా క్లోరైడే; స్టీలును కాపాడే పలుచని ఆక్సైడు పొరను ఛేదించేది అదే. 304 రకానికి త్వరగా గుంటలు పడతాయి. 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలిసిన 316 రకం మెరుగైనదే అయినా, నీరు కదలకుండా నిలిచే సందుల్లో, గాస్కెట్ కింద, అదీ తుప్పు పడుతుంది. ఎక్కువ సమయం మూసే ఉండే వాల్వులో నీరు నిలవక తప్పదు.

పీవీసీ బాడీ ఉన్నంత మాత్రాన సమస్య తీరదు. ప్లంజరును అయస్కాంతం లాగాలి. 316 స్టీలును అయస్కాంతం దాదాపుగా లాగదు కాబట్టి, తయారీదారులు అయస్కాంతానికి లొంగే, కానీ తుప్పుకు అంతగా తట్టుకోలేని స్టీలును వాడతారు. ప్లాస్టిక్ వాల్వులోంచి ఎర్రటి మరక కారడానికి సాధారణ కారణం ఇదే. అందువల్ల ప్లంజరుకు నీరు తగలకుండా డయాఫ్రం (వంగే పలుచని పొర) అడ్డుగా ఉన్న రకాన్ని గానీ, గొట్టాన్ని బయటి నుంచి నొక్కి నీటిని ఆపే పించ్ వాల్వును గానీ ఎంచుకోవాలి. పించ్ వాల్వులో నీటికి తగిలేది గొట్టం ఒక్కటే, అయితే అది నలిగి చీలకముందే మార్చుతూ ఉండాలి. సీలుకు ఈపీడీఎం రబ్బరు సరిపోతుంది.

పీడనం సంగతి చాలామంది మరచిపోతారు. నీటి పీడనం సాయంతోనే తెరుచుకునే పైలట్ రకం వాల్వుకు సాధారణంగా 0.3 నుంచి 0.5 బార్ వరకు పీడన భేదం కావాలి. మీటరు ఎత్తున్న నీటి మట్టం ఇచ్చేది 0.1 బార్ మాత్రమే. తొట్టి నుంచి నీరు తనంతట తాను దిగే చోట కాయిల్ బలంతోనే నేరుగా తెరుచుకుంటూ సున్నా పీడనంలోనూ పనిచేసే డైరెక్ట్ యాక్టింగ్ రకమే కావాలి.

కరెంటు పోతే మూసుకునే రకాన్నే తీసుకోండి. కానీ ఇసుక రేణువో, సున్నపు పొరో సీటు (వాల్వు మూసుకున్నప్పుడు సీలు ఆనుకునే చోటు) మీద పడితే అదీ పూర్తిగా మూసుకోదు కనుక ముందు ఒక జాలీ ఫిల్టరు, తరువాత ఒక ఫ్లోట్ వాల్వు (నీటి మట్టం పెరిగితే తేలే బంతితో మూసుకునేది) తప్పనిసరి. కాయిల్ 12 లేదా 24 వోల్టులదై, నిరంతరాయంగా పనిచేయడానికి తగినదై, పూర్తిగా సీలు చేసి ఉండాలి. దానిని నీటి తుంపర్లు పడే చోట, ఉప్పు పేరుకునే అంచుల దగ్గర బిగించకండి.

వీలైతే వాల్వును ఉప్పునీటి లైనులో కాక, ఆవిరైన నీటిని భర్తీ చేసే మంచినీటి లైనులో అమర్చడం ఉత్తమం. తుప్పు బాధ చాలా తగ్గుతుంది. ఆర్‌ఓ నీరు (సన్నని పొర గుండా వడగట్టి లవణాలు తీసేసిన నీరు) కూడా ఇత్తడి నుంచి రాగిని లాగగలదు కాబట్టి అక్కడా ప్లాస్టిక్ వాల్వునే వాడాలి. బిగించిన నెల తరువాత ఒకసారి విప్పి ప్లంజరునూ స్ప్రింగునూ పరిశీలించండి. తుప్పు చుక్క కనిపిస్తే తుడిచి మళ్లీ బిగించకుండా వాల్వునే మార్చి, తొట్టి నీటిలో రాగి ఉందేమో టెస్ట్ కిట్‌తో చూడండి.