నాట్లకు దిగే ముందు: కాలి గాయానికి ఏం రాయాలి, ఏం రాయకూడదు

ఆషాఢంలో గోరింటాకు ముచ్చట కోసం కాదు, బురదలో దిగే కాళ్లకు కాపు అనేది మా అమ్మమ్మ. సరే, పెట్టుకోండి. తెగిన చోట మాత్రం వద్దు. బజార్లో అమ్మే నల్ల కోన్ అసలే వద్దు. అందులో కలిపే జుట్టు రంగు రసాయనం కొందరికి బొబ్బలు తెస్తుంది.

నాట్ల రోజుల్లో గాయాలకు కొదవుండదు. దమ్ము చేసిన మడిలో తాగి పారేసిన సీసా పెంకులు, నత్తగుల్లలు, తుమ్మముళ్లు. బూట్లు వేసుకోమని చెప్పడం తేలికే గానీ, బురదలో కాలు పైకొస్తుంది, బూటు రాదు. అందుకే దిగకముందే గట్టు మీద ఓ డబ్బా ఉండాలి: సబ్బు, మంచినీళ్లు, కట్టు కట్టే శుభ్రమైన గాజు గుడ్డ, ప్లాస్టర్లు, బెటాడిన్, చిన్న వాజిలిన్.

తెగగానే చేయాల్సింది ఒకటే. బోరు నీళ్లో తాగే నీళ్లో ధారగా పోస్తూ బురద పోయేదాకా కడగాలి, చుట్టూ సబ్బు రాయాలి. కాలవ నీళ్లతో కడిగితే కడిగినట్టు కాదు. రక్తం ఆగకపోతే గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. మా అమ్మ ఓసారి ఆగలేదని కాఫీ పొడి నొక్కింది. రక్తం ఆగింది, నిజమే. మర్నాడు ఆ పొడంతా నర్సమ్మ ఒక్కో పలుకే తీస్తుంటే ఇల్లంతా వినబడేలా అరిచింది. సున్నం, కిరసనాయిలు, పేడ, బీడీ బూడిద కూడా ఆ కోవలోవే. గాయాల మీద పిండే పలకాకు పసరు సంగతీ అంతే. ఆకుతో పాటు పొలం మట్టీ లోపలికి పోతుంది.

పసుపు అనగానే చాలామంది అమెరికా పేటెంట్ కథ చెబుతారు. గాయాలకు పసుపు వాడకంపై 1995లో అక్కడ పేటెంట్ ఇచ్చారు. మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. రద్దయింది అది కొత్త సంగతి కాదని. అంతేగానీ, వంటింటి డబ్బాలో పసుపుకి సూక్ష్మజీవులు లేవని ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు.

మనం గాయం గురించి 'పచ్చి ఆరిందా' అని అడుగుతాం. మాటలోనే ఆరడం ఉంది కాబట్టి పౌడర్ చల్లుతాం, గాలికి వదిలేస్తాం. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద చేసిన ప్రయోగంలో, పలచని పొర కప్పి తేమ నిలిపిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంగా వచ్చింది. ఎండిన పక్కు ఉంటే కొత్త కణాలు దాని కిందుగా పాకాలి, తేమ ఉంటే నేరుగా జరుగుతాయి. కాబట్టి కడిగిన చిన్న గాయానికి పలచగా వాజిలిన్ రాసి, మూసి, రోజూ కట్టు మార్చండి. తడిసినా, బురద అంటినా వెంటనే మార్చాలి. అయితే తేమ వేరు, నానడం వేరు. రోజంతా మడిలో ఉన్న కాలికి వేళ్ల సందులు తెల్లబడి ఒరిసిపోతాయి. వాటిని కడిగి, తుడిచి, పొడిగానే ఉంచాలి.

బెటాడిన్ మొదటి ఒకటి రెండు రోజులు చాలు. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ చూడ్డానికి బాగుంటుంది గానీ, కొత్త కణాల్నీ చంపుతుంది. డెట్టాల్ నీళ్లు కలపకుండా పోస్తే చర్మం కాలుతుంది. ఇంకోటి, మందుల షాపులో పేరు సరిగ్గా చెప్పండి. బెటాడిన్ అడగబోయి బెట్నోవేట్ తెచ్చుకుంటే అది స్టెరాయిడ్, గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుంది.

ముల్లు లోతుగా దిగినా, మట్టి లోపలే ఉండిపోయినా పైన ఏదో రాసి మూసేయొద్దు, డాక్టరుకు చూపించండి. మట్టి గాయమైతే, ధనుర్వాతం టీకా వేసుకుని అయిదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. ఎప్పుడు వేసుకున్నారో గుర్తులేకపోతే అదీ డాక్టరుకు చెప్పండి.

ఇక షుగర్ ఉన్నవాళ్లు. పచ్చి గాయంతో బురదలో దిగొద్దు. కూలి పోతుందని తెలుసు, అయినా వద్దు. తడి మట్టిలో ఉండే మెలియాయిడోసిస్ అనే జబ్బు తెచ్చే క్రిములు గాయం గుండా ఒంట్లోకి పోతాయి, షుగర్ ఉన్నవాళ్లనే ఎక్కువగా పట్టుకుంటాయి. ఎరుపు పైకి పాకినా, చీము పట్టినా, జ్వరమొచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పాదాలకు స్పర్శ తగ్గితే గుచ్చుకున్నదీ తెలియదు. సాయంత్రం కాళ్లు కడుక్కున్నాక మనవడి చేత సెల్‌ఫోన్‌లో అరికాలి ఫొటో తీయించుకుని, పెద్దది చేసి చూసుకోండి.