అంతరిక్ష యుద్ధ నవల చదవడం ఎలా? మూడో పాఠం: పోరు అధ్యాయాలు

గత పాఠంలో హోదాల సంగతి చూశాం. ఎవరు ఎవరికి సెల్యూట్ కొట్టాలో మీకిప్పుడు తెలుసు. ఇక యుద్ధంలోకి దిగుదాం. చాలామంది పుస్తకం పక్కన పెట్టేసేది ఇక్కడే. పేజీ నిండా గ్రావిటీలు (భూమ్యాకర్షణ త్వరణాన్ని ఒకటిగా తీసుకునే కొలత), కిలోమీటర్లు, సెకన్లు కనబడగానే కళ్లు వాటి మీంచి జారిపోతాయి. కానీ అసలు టెన్షన్ అంతా ఆ అంకెల్లోనే ఉంది. వాటిని వదిలేస్తే మిగిలేవి పేలుళ్లే.

మనం చదువుతున్నది డేవిడ్ వెబర్ 1993లో రాసిన 'ఆన్ బాసిలిస్క్ స్టేషన్', ఆనర్ హారింగ్టన్ సిరీస్‌లో మొదటి నవల. ఒక కాగితం తీసుకుని పొడవాటి ఓడ బొమ్మను పక్కనుంచి కనిపించేలా గీయండి. దాని పైన ఒక వాలు గీత, కింద ఒక వాలు గీత వేయండి. ఆ రెండూ ముందువైపు ఎడంగా, వెనకవైపు దగ్గరగా ఉండాలి. అదే ఇంపెల్లర్ వెడ్జ్. ఓడను నడిపేదీ అదే, కాపాడేదీ అదే. పైనుంచి గానీ కిందనుంచి గానీ ఏ ఆయుధమూ దాన్ని చీల్చలేదు. రెండు పక్కలా సైడ్‌వాల్ అనే రక్షణ కవచం ఉంటుంది. అది గట్టిదే కానీ తగినంత బలంగా కొడితే తూట్లు పడుతుంది. ముందూ వెనకా మాత్రం పూర్తిగా బట్టబయలు.

కాబట్టి పోరు మొదలవగానే ఆయుధాల పేర్లు గుర్తుపెట్టుకోవాలని తాపత్రయపడకండి. ఎవరి ముక్కు ఎటు తిరిగి ఉందో చూసుకోండి. చివర్లో కథానాయిక ఆనర్ ఓడ ఫియర్‌లెస్, శత్రువుల ఓడ సిరియస్‌ను తరుముతుంది. పారిపోయే ఓడ వెనకభాగం తరిమేవాళ్లకు దొరుకుతుంది, నిజమే. కానీ తరిమే ఓడ కూడా తన ముక్కును శత్రువుకు అప్పగించి వెళ్లాల్సిందే. పక్కల ఉన్న ఫిరంగుల వరసను వాడాలంటే ఓడను అడ్డం తిప్పాలి. ఆ అధ్యాయాల్లో ప్రాణం ఉగ్గబట్టించేది ఇదే.

వెబర్ ఈ నవలను తెరచాప ఓడల కథలు రాసిన సి.ఎస్. ఫారెస్టర్‌కు అంకితమిచ్చాడు. ఆ అభిమానం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. 1805లో స్పెయిన్ తీరాన ట్రఫాల్గర్ దగ్గర జరిగిన యుద్ధంలో బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ ఓడ విక్టరీ, శత్రువు ఫిరంగులకు ముక్కు ఎదురొడ్డి, చాలాసేపు బదులివ్వలేక దెబ్బలు తింటూనే ముందుకు సాగింది. చివరికి ఫ్రెంచి నౌక బ్యూసెంటార్ వెనక నుంచి దూరి, దాని బలహీనమైన వెనకభాగంలోకి గుళ్లు కురిపించింది. అది తెలిసినవాళ్లకు ఈ తరుముడు ఇంకా బాగా అర్థమవుతుంది.

రెండోది వేగం. ఓడ 400 గ్రావిటీల త్వరణంతో పోతోందంటే, గడిచే ప్రతి సెకనుకూ దాని వేగం సెకనుకు దాదాపు 4 కిలోమీటర్ల చొప్పున పెరుగుతోందన్నమాట. ఆగి ఉన్న ఓడ అలా బయల్దేరితే గంటలో సుమారు రెండున్నర కోట్ల కిలోమీటర్లు వెళ్తుంది. అప్పటికి సెకనుకు 14 వేల కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. బస్సుకు బ్రేకు వేసినట్టు వేస్తే అది ఆగదు. గ్రహం దగ్గర ఆగాలనుకుంటే దాదాపు సగం దారిలోనే ఓడను వెనక్కి తిప్పి వేగం తగ్గించడం మొదలుపెట్టాలి. అలా తిప్పలేదంటే అక్కడ ఆగే ఉద్దేశం లేదని లెక్క. 'ఇంకా తిప్పలేదు' అని ఒక అధికారి రిపోర్ట్ చేస్తే ఆ ఒక్క ముక్కతో బ్రిడ్జ్ (ఓడను నడిపే గది) మీద అందరి ముఖాలూ ఎందుకు మారిపోతాయో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

అభ్యాసం: సిరియస్‌ను తరిమే అధ్యాయాలు పెన్సిల్ పట్టుకుని మళ్లీ చదవండి. దూరం చెప్పిన ప్రతిచోటా అది పెరుగుతోందో తగ్గుతోందో పక్కన బాణం గుర్తు వేయండి. ఓడ దిశ మారిన చోటల్లా మీ బొమ్మను కూడా తిప్పి గీయండి. మొదట విసుగనిపించినా మానకండి. కాసేపటికి పెన్సిల్ లేకుండానే అంతా కళ్లకు కడుతుంది.

వచ్చే పాఠం ఈ సిరీస్‌లో శత్రుదేశమైన హేవెన్ రాజకీయాల గురించి. ఆ దేశం కథలో ఫ్రెంచి విప్లవం ఛాయలు కనిపిస్తాయి. ఈలోగా ఫ్రెంచి విప్లవం మీద, ముఖ్యంగా 1793-94 నాటి ప్రజా భద్రతా కమిటీ మీద, నాలుగు పేజీలైనా చదివి రండి.