అడవి వాగుల మ్యాప్: గుంటలు పూడ్చే ముందు

నల్లమల లాంటి అడవికి ఎస్‌ఆర్‌టీఎం (అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన) ఎత్తుల గ్రిడ్‌తో వాగుల మ్యాప్ గీస్తున్నారా? గ్రిడ్‌లోని గుంటలు పూడ్చే ‘ఫిల్ సింక్స్’ నొక్కే ముందు ఒక్క నిమిషం ఆగండి. దట్టమైన చోట ఆ రాడార్ నేల దాకా దిగదు, కొమ్మల్లోనే ఆగిపోతుంది. వాగుకు అడ్డంగా ఉన్న చెట్ల గుబురు గ్రిడ్‌లో కట్టలా నిలబడి, దాని వెనకాల లేని గుంట పుడుతుంది. దాన్ని పూడిస్తే లోయంతా చదునై, వాగు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా పోతుంది. అలాంటి గీత కనిపిస్తే అనుమానించాల్సిందే. పూడ్చే బదులు అడ్డును తెంచే ‘బ్రీచ్’ పద్ధతి వాడండి, వైట్‌బాక్స్ టూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉంది.

ఇంకోటి: ఎన్ని గడుల నీరు చేరితే వాగు మొదలైనట్టు గీయాలో ఒక హద్దు పెడతాం. 30 మీటర్ల గడి 900 చదరపు మీటర్లు, 500 గడుల హద్దంటే 45 హెక్టార్లు. వాగు మొదలయ్యే ఈ హద్దును టోపోషీట్ (సర్వే మ్యాప్)లో వాగుల్ని చూపే నీలి గీతలతో సరిచూశాకే చెక్‌డ్యామ్ చోటు గుర్తించండి.