చిన్న కుంటలో దోమల చేపలు వదలాలంటే

వేడి రోజుల్లో దోమ గుడ్డు రెక్కల దోమ కావడానికి 7 నుంచి 10 రోజులు చాలు. అన్ని రోజులూ అది నీళ్లలోనే ఉంటుంది, చేప నోటికి దొరికేదీ అప్పుడే. అందుకే కుంటలో ఎన్ని చేపలు వేశామన్నది కాదు, లార్వా, అంటే గుడ్డులోంచి వచ్చిన దోమ పురుగు, ఉన్న చోటికి చేప వెళ్లగలుగుతోందా అన్నది చూడాలి. చేపలు వేసినా దోమలు తగ్గలేదంటే ముందు చూడాల్సింది గట్టు పక్కన పెరిగిన గడ్డిని.

పని మొదలుపెట్టేది కూడా అక్కడే. నీళ్లలోకి వంగిన గడ్డి కోసేయండి. గుర్రపుడెక్క, అంతర తామర ఉంటే పూర్తిగా లాగేయాలి. ఫైలేరియా దోమల్లో ఒక రకం లార్వా ఈ మొక్కల వేళ్లకు అతుక్కుని, వేళ్లలోంచే గాలి పీల్చుకుంటుంది. పైకి రాదు కాబట్టి చేపకు చిక్కదు. అలాగని కుంటను బోడిగా చేయొద్దు. పెద్ద చేపలు తమ పిల్లల్నే తింటాయి, ఆ పిల్లలు దాక్కోవడానికి ఒక మూల కొంచెం వేరే నీటిమొక్క ఉండాలి. నీటి పైభాగంలో మూడో వంతుకు మించి మొక్క కమ్మకుండా చూసుకుంటే సరిపోతుంది. గట్టు అంచున పశువుల గిట్టలు దిగిన గుంతలుంటే మట్టితో పూడ్చాలి. కుంట నీళ్లు తగ్గినప్పుడు ఆ గుంతలు విడిపోతాయి. చేప ఇటు, లార్వా అటు మిగులుతాయి.

ఏ చేప? గంబూసియా, గప్పీ రెండూ గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్ని కంటాయి. నీటి పైపొరలో తిరుగుతూ, పైకి తిరిగిన నోటితో లార్వాను అందుకుంటాయి. గంబూసియా తిండిపోతు, ఒక్కటి రోజుకు వంద లార్వాల దాకా తింటుంది, చలికి కూడా తట్టుకుంటుంది. గప్పీ కొంచెం మురికి నీళ్లలోనూ బతుకుతుంది, కానీ గట్టి చలికి చచ్చిపోతుంది. రెండింటినీ ఒకే కుంటలో కలపొద్దు, గంబూసియా గప్పీని బతకనివ్వదు. అలంకార చేపలు, కప్పలు ఉన్న కుంటలోనూ గంబూసియా వద్దు. మిగతా చేపల రెక్కలు కొరుకుతుంది, వాటి గుడ్లను, తోకకప్పల్ని తింటుంది. ప్రపంచంలో అతి హానికరమైన 100 ఆక్రమణ జాతులంటూ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఇచ్చిన జాబితాలో ఈ చేప పేరుంది. కొన్ని దేశాల్లో దీన్ని వదలడంపై నిషేధం కూడా ఉంది కాబట్టి ముందే కనుక్కోండి. మా ఓటు మాత్రం, మీ ప్రాంతపు నీళ్లలో సహజంగా ఉండి నీటి పైన మేసే చిన్న చేప దొరికితే దానికే.

ఎన్ని కావాలో లెక్క తేలికే. గట్టు పొడవు మీటరుకు 5 నుంచి 10 చేపలు. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పున్న కుంట చుట్టుకొలత 14 మీటర్లు, అంటే 70 నుంచి 140. తక్కువ సంఖ్యతోనే మొదలుపెట్టండి, అవే పెరుగుతాయి. గంబూసియా సుమారు 4 వారాలకోసారి, ఈతకు పదుల సంఖ్యలో పిల్లల్ని కంటుంది. ఒక మగచేపకు రెండు మూడు ఆడచేపలు ఉండేలా ఏరుకోవాలి. ఆడది పెద్దగా, పొట్ట ఉబ్బెత్తుగా ఉంటుంది, పొట్ట వెనక భాగాన నల్లటి మచ్చ కనిపిస్తుంది. మగది సన్నగా ఉంటుంది, దాని పొట్ట కింది రెక్క పుల్లలా సాగి వెనక్కి వాలి ఉంటుంది.

కుళాయి నీళ్లు పట్టిన కుంటైతే, క్లోరిన్ పోవడానికి ఎండ తగిలేలా 2 రోజులు వదిలేయాలి. నీటి సరఫరాలో క్లోరిన్ బదులు క్లోరమైన్ వాడుతుంటే ఎండకు అది పోదు, దాన్ని విరిచే డీక్లోరినేటర్ మందు వేయాల్సిందే. కొత్త సిమెంటు తొట్టిలో సున్నం దిగి నీరు క్షారమవుతుంది. వారం నీళ్లు నిలిపి పారబోయడం రెండు మూడు సార్లు చేసి, పీహెచ్ 8.5 కంటే దిగాకే చేపలు వేయాలి. ఎక్కడో ఒకచోట కనీసం 60 సెంటీమీటర్ల లోతు ఉంటే ఎండ మండినప్పుడు చేప కిందికి దిగి బతుకుతుంది.

తెచ్చే ముందు రోజంతా మేత ఆపితే సంచిలో నీళ్లు పాడవవు. ఉదయం గానీ సాయంత్రం గానీ వదలండి. సంచి మూతి విప్పకుండా నీళ్లపై 20 నిమిషాలు తేలనివ్వాలి. తర్వాత మూతి విప్పి కుంట నీళ్లు గ్లాసుడు చొప్పున, 5 నిమిషాలకోసారి నాలుగైదు సార్లు పోసి, చేపల్ని వలతో ఎత్తి వదలాలి. సంచి నీళ్లు కుంటలో కలపొద్దు, రోగాలు వచ్చేది వాటితోనే.

మేత వేయకండి. తవుడు రుచి మరిగిన చేప లార్వా జోలికి పోదు. కొర్రమీను, తిలాపియా లాంటివి ఉన్న చోట ఈ చేపలు మిగలవు, ముందు వాటిని తీసేయాలి. చుట్టుపక్కల దోమల మందు పొగ, స్ప్రే కొట్టేటప్పుడు కుంటపై పట్టా కప్పండి. వాటిలో తరచూ ఉండే పైరిత్రాయిడ్ రకం మందు నీటిలో ఏ కాస్త పడినా చేపలు తేలిపోతాయి. చేపలున్న నీళ్లలో మందు వేయక తప్పదనుకుంటే బీటీఐ అనే బ్యాక్టీరియా మందు వాడొచ్చు, అది లార్వాను చంపుతుంది, చేపను ఏమీ చేయదు. తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి నోరు తెరుస్తుంటే ప్రాణవాయువు చాలట్లేదని అర్థం. కుళ్లిన ఆకులు తీసి, కొంత నీరు మార్చి, కొత్త నీటిని ధారగా పైనుంచి పోయాలి.

రెండు వారాల తర్వాత తెల్లటి గరిటెతో గట్టు వెంబడి పది చోట్ల నీళ్లు ముంచి చూడండి. గరిటె నీడ పడగానే లార్వా కిందికి జారుకుంటుంది, కాబట్టి నీడ పడకుండా ముంచాలి. వెతకాల్సింది ముఖ్యంగా కామా ఆకారంలో ఉండి, పల్టీలు కొట్టే ప్యూపాలను, అంటే లార్వా తర్వాతి దశను. అవి కనిపిస్తే ఒకటి రెండు రోజుల్లో దోమలు లేస్తాయన్నమాట. ఏ మూలలో దొరికాయో అక్కడే మళ్లీ గడ్డి కోయాలి, చేపల సంఖ్య పెంచడం తర్వాతి మాట. కుంట శుభ్రంగా ఉన్నా పగటి దోమ కుడుతుంటే చేపల తప్పు కాదు, అది టైర్లలో, పూలకుండీల పళ్లేల్లో పుట్టే దోమ.

కుంట పొంగే తూముకు సన్నకన్ను జాలి బిగించండి. చేపలు మరీ ఎక్కువైతే బయటి నీళ్లతో కలవని ఇంకో తొట్టికి మార్చాలి, వాగులో, చెరువులో మాత్రం వదలొద్దు.